నల్ల జుట్టుకు ఓంబ్రే: గోరింటాకు పెట్టిన కొసలు లేస్తాయా?

కొసమెరుపు (హన్మకొండ)

అందరికీ నమస్తే. నా జుట్టు నడుము దాకా ఉంటుంది, బాగా నలుపు. పైన నలుపు అలాగే ఉంచి, భుజాల దగ్గర నుంచి మెల్లగా చెస్ట్‌నట్‌లోకి (ముదురు గోధుమ), కొసలకు వచ్చేసరికి కారమెల్‌లోకి దిగేలా ఓంబ్రే చేయించుకోవాలని ఉంది. మాఘంలో మా అన్న పెళ్ళి. ఆలోగా అయిపోవాలి.

చిక్కేమిటంటే ఇంటర్ నుంచీ తలకు గోరింటాకు పొడి పెట్టేదాన్ని. పోయిన ఏడాది ఆపేశాను. కాబట్టి కింది సగం జుట్టుకు గోరింటాకు ఉంది. ఇక్కడ రెండు చోట్ల అడిగాను. ఒకరు “ఏం కాదు, మూడు గంటల్లో చేసి పంపిస్తాం” అన్నారు. ఇంకొకరు “గోరింటాకు తలా? మేం ముట్టుకోం” అన్నారు. ఎవరి మాట వినాలి? ఇంట్లోనే కిట్ తెచ్చి చేసుకోవచ్చా? అమ్మ మాత్రం “కొసలు ఎర్రబడితే తలకు నూనె పెట్టడం లేదనుకుంటారు చుట్టాలు” అంటున్నది.

వాగులో చేప (ములుగు)

ఆడపడుచుకు పెళ్ళిలో పూలజడ వేస్తారు కదా. ఆ పూల కింద ఓంబ్రే ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

కత్తెరమ్మ (నక్కలగుట్ట)

పార్లర్‌లో పని చేస్తాను కాబట్టి చెబుతున్నా చెల్లె. మూడు గంటల్లో పంపిస్తామన్న వాళ్ళు మీ జుట్టు ముట్టుకుని చూశారా? గోరింటాకు ఏ రకమో అడిగారా? అడగకపోతే అక్కడికి వెళ్ళకండి.

ముందు ఒక లెక్క. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు, కొంచెం ఎక్కువ పెరుగుతుంది. ఏడాది క్రితం ఆపారంటే మొదళ్ళ నుంచి జానెడు కొత్త జుట్టు కూడా రాలేదు. మీరు కింది సగం అంటున్నారు గానీ, చెవుల కిందికి ఉన్నదంతా గోరింటాకు జుట్టే. రంగు కావాలంటున్నదీ అక్కడే. అందుకే మీ ప్రశ్నకు జవాబంతా ఆ గోరింటాకు దగ్గరే ఉంది, షేడ్ కార్డులో లేదు.

మేం జుట్టు నలుపును 1 నుంచి 10 దాకా లెక్కేస్తాం. 1 పూర్తి నలుపు, 10 బాగా లేత పసుపు. మనవాళ్ళు చాలామంది 1, 2 దగ్గరే ఉంటారు, కొందరు 3. బ్లీచ్ పెడితే నలుపు ఒక్కసారిగా పసుపు అవదు. ముందు ఎరుపు, తర్వాత ఎర్ర నారింజ, నారింజ, పసుపు కలిసిన నారింజ, పసుపు, ఇలా దిగుతుంది. ఇలా నలుపు పోయి రంగు తేలికవడాన్నే మేం లేవడం అంటాం. కారమెల్‌కు 7 దగ్గర ఆగితే చాలు. అంటే నారింజ నుంచి పసుపులోకి వెళ్ళే చోటు. రాగి రంగుకైతే అంతకంటే ముందే ఆగొచ్చు. అదే వెండి రంగు, బూడిద రంగు కావాలంటే 9, 10 దాకా వెళ్ళాలి. గోరింటాకు జుట్టును అక్కడికి లాగడమంటే కొసలు చేతిలోకి రావడమే.

ఫోటోలు చూపించేటప్పుడు కూడా నల్ల జుట్టు మీద చేసిన ఫోటోలే చూపించండి. పుట్టుకతోనే గోధుమ రంగు జుట్టున్న వాళ్ళ ఫోటో తెచ్చి “ఇలాగే” అంటే మేం తలూపుతాం గానీ అలా రాదు.

పాత చింతకాయ (పరకాల)

పూర్వం నల్లని జుట్టు కోసం కరివేపాకు నూనెలు కాచేవాళ్ళు. ఇప్పుడు ఉన్న నలుపును డబ్బులిచ్చి తీయించుకుంటున్నారు. కాలమహిమ.

జగిత్యాల జాజి (జగిత్యాల)

పెద్దనాన్నా, ఆషాఢం వస్తే ఇంటిల్లిపాదీ చేతులు ఎర్రగా పండించుకుంటాం. బతుకమ్మకు గునుగు పూలకు రంగులద్దుతాం. తలకొచ్చేసరికే కాలమహిమ అయిందా? మీ మీసానికి డై లేదని చెప్పండి, నేను ఊరుకుంటాను.

పాత చింతకాయ (పరకాల)

మీసం సంగతి వేరు.

పెరాక్సైడ్ సార్ (వరంగల్)

కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, మా అమ్మాయి వల్ల ఈ గొడవలన్నీ నేర్చుకోవలసి వచ్చింది. గోరింటాకు గురించి కొంచెం వివరంగా రాస్తాను.

గోరింటాకులో రంగునిచ్చే పదార్థం లాసోన్. అది వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. చేతి మీద చర్మం రాలిపోతుంది కాబట్టి రంగు పోతుంది. వెంట్రుక చచ్చిన కణాలే, రాలి కొత్తవి రావు, కాబట్టి అక్కడ అలాగే ఉంటుంది. ఏళ్ళ తరబడి పెడితే పొర మీద పొర చేరుతుంది. బ్లీచ్ మన సహజ వర్ణకమైన మెలనిన్‌ను బాగానే విడగొడుతుంది, లాసోన్ మాత్రం అంత తేలిగ్గా లొంగదు. అందుకే గోరింటాకు జుట్టు నారింజ దాకా వచ్చి అక్కడ మొండికేస్తుంది.

ఇంతవరకు ప్రమాదం లేదు. ప్రమాదమున్నది ప్యాకెట్లో ఆకు కాకుండా వేరేవి ఉన్నప్పుడు. కొన్ని పొడుల్లో లోహ లవణాలు కలుపుతారు. వాటి మీద పెరాక్సైడ్ పడితే చర్య వేగంగా జరిగి వేడి పుడుతుంది, జుట్టు కాలిపోయే దాకా పోవచ్చు. రెండో పార్లర్ వాళ్ళు “ముట్టుకోం” అన్నది ఈ భయంతోనే అయి ఉంటుంది, వాళ్ళను తప్పు పట్టలేం. “నల్ల హెన్నా” పేరుతో వచ్చే పొడులు చాలావాటిలో పీపీడీ ఉంటుంది. పారా ఫినైలీన్ డయామిన్ అని మామూలు డైలలో నలుపునిచ్చే రసాయనం అదే. ఒట్టి గోరింటాకు ఎప్పుడూ నలుపు ఇవ్వదు, నారింజ ఎరుపే ఇస్తుంది. మీ పొడి పెట్టినప్పుడు ఎండలో ఎర్రగా కనబడేదా, లేక నల్లగా అయ్యేదా? అది ముందు చెప్పండి.

కొసమెరుపు (హన్మకొండ)

ఎర్రగానే సార్. ప్యాకెట్ మీద గోరింటాకు పొడి తప్ప ఇంకేమీ రాసి లేదు. కొన్నిసార్లు పెరట్లో ఆకు నూరి కూడా పెట్టేది నానమ్మ.

కత్తెరమ్మ (నక్కలగుట్ట)

అయితే దారి ఉంది. కానీ ప్యాకెట్ మీద రాసిందంతా నమ్మకుండా ముందు పాయ పరీక్ష చేయించుకోండి. చెవి వెనక, పైకి కనబడని చోట సన్నని పాయ కత్తిరించి దాని మీదే బ్లీచ్ పెడతారు. గిన్నెలో వేడెక్కినా, బుడగలొచ్చినా, వింత వాసనొచ్చినా అక్కడితో ఆపేయాలి. అవేమీ లేకపోతే ఎంత సేపటికి ఏ రంగు దాకా లేచిందో చూస్తారు. ఆ పాయను తడిపి కొంచెం లాగి వదిలితే వెనక్కి రావాలి. సాగి అలాగే ఉండిపోయినా, తెగినా ఆ జుట్టు ఇంకో దెబ్బకు తట్టుకోదు.

ఇంకో ప్రశ్న. స్మూతెనింగ్, రీబాండింగ్ లాంటివి చేయించారా? అవి వెంట్రుక లోపలి బంధాలను విడగొట్టి మళ్ళీ కట్టే పనులు. దాని మీద బ్లీచ్ అంటే నేనైతే చేయను. ఈ మధ్య పిల్లలు సగం మంది ఆ మాట దాస్తున్నారు. దాచినా తడి జుట్టు చెప్పేస్తుంది.

కొసమెరుపు (హన్మకొండ)

అవేవీ చేయించలేదు అక్కా. పాయ పరీక్షకు వెళ్తాను.

జగిత్యాల జాజి (జగిత్యాల)

కొసమెరుపూ, రంగు లేవడం ఒక ఎత్తు, అది కలవడం ఇంకో ఎత్తు. పోయిన ఏడాది నేను ఒక చోట చేయించుకున్నాను (పేరు అడగకండి). రంగు బ్రహ్మాండంగా వచ్చింది. కానీ భుజాల దగ్గర అడ్డంగా స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే గీత. పైన నలుపు, కింద తేనె రంగు, మధ్యలో ఏమీ లేదు. బతుకమ్మను పేర్చినప్పుడు ఒక వరస గునుగు, ఒక వరస తంగేడు విడివిడిగా కనబడితేనే అందం. తల మీద అలా కనబడితే జనం ఆగి చూస్తారు. తర్వాత ఇంకో ఆమె దగ్గరికి వెళ్తే ఆ గీత మీద మధ్య షేడ్ సన్నని పాయలుగా వేసి చెరిపేసింది. మొదటి ఖర్చు కంటే ఆ చెరిపే ఖర్చే ఎక్కువ.

కత్తెరమ్మ (నక్కలగుట్ట)

జాజి చెప్పిందే అసలు పని. ఓంబ్రేలో చేతి నైపుణ్యమంతా ఆ మధ్య జానెడులోనే కనబడుతుంది. కొసలకు బ్లీచ్ రాయడం ఎవరైనా చేస్తారు.

మేం ఏం చేస్తామో చెబుతాను, కుర్చీలో కూర్చున్నప్పుడు చూసుకోండి. పాయ తీసుకున్నాక పైనుంచి దువ్వెనతో వెనక్కి, అంటే మొదళ్ళ వైపుకు, దువ్వుతాం. పొట్టి వెంట్రుకలన్నీ పైకి పోయి గుబురుగా చేరతాయి, మిగిలినవి మాత్రమే కింద వేలాడతాయి. బ్లీచ్ ఆ వేలాడే వాటికే పడుతుంది. తర్వాత చిక్కు తీసి దించితే నలుపూ రంగూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. బ్రష్ అడ్డంగా పట్టుకుని రాస్తే గీత పడుతుంది. నిలువుగా పట్టుకుని, పైకి పోయే కొద్దీ మందు తగ్గిస్తూ రాయాలి. పక్కపక్క పాయలకు ఒకే ఎత్తులో మొదలుపెట్టకూడదు. ఒకటి భుజం దగ్గర, దాని పక్కది నాలుగు వేళ్ళు కింద. ముఖానికి అటూ ఇటూ ఉన్న పాయలకు మాత్రం కొంచెం పైనుంచే మొదలుపెడితే బాగుంటుంది.

మీకు కావలసింది మూడు షేడ్‌ల దిగుడు కాబట్టి టైము కూడా చూడాలి. కొసలకు ముందు పెట్టి, అవి కొంత లేచాక మధ్య భాగానికి పెడతారు. కొసలు ఎక్కువ సేపు ఉంటాయి, మధ్య తక్కువ సేపు. అక్కడే చెస్ట్‌నట్, కారమెల్ విడివిడిగా పుడతాయి.

బలయాజ్ అని కూడా అడుగుతారు మీలాంటి వాళ్ళు. అది ఫాయిల్ (పాయకు చుట్టే పలచని అల్యూమినియం రేకు) లేకుండా చేత్తో అక్కడక్కడా పాయల మీద పూసే పద్ధతి, పై నుంచి కింది దాకా నల్ల పాయలు మిగులుతాయి. ఓంబ్రేలో కొసలన్నీ మారతాయి. జడ ఎక్కువ వేసుకునే వాళ్ళకు బలయాజ్ బాగుంటుంది, అల్లికలో రంగు అక్కడక్కడా మెరుస్తుంది. ఓంబ్రే జడలో అయితే కింది మూర మాత్రమే రంగు కనబడుతుంది. అది కూడా అందమే.

ఇంకొకటి. ఫ్యాన్ కింద కూర్చోబెట్టి ఫాయిల్ లేకుండా బ్లీచ్ పెట్టే వాళ్ళను నమ్మకండి. బ్లీచ్ తడిగా ఉన్నంత సేపే పని చేస్తుంది. మన ఎండాకాలంలో ఫ్యాన్ గాలికి ఇట్టే ఎండిపోతుంది. పైన ఎండి, లోపల తడిగా ఉంటే మచ్చలు మచ్చలుగా లేస్తుంది.

కాజీపేట జంక్షన్ (కాజీపేట)

మగవాళ్ళు అడగొచ్చా? ఉంగరాల జుట్టు, భుజాల దాకా. కొసలకు రాగి రంగు కావాలి.

కత్తెరమ్మ (నక్కలగుట్ట)

ఎందుకు అడగకూడదు తమ్ముడూ. ఉంగరాల జుట్టుకు పొడిగా ఉన్నప్పుడే, ఉంగరాలు ఎలా పడతాయో చూసుకుంటూ ఒక్కో ఉంగరం బయటి వైపు పూస్తారు. తడిపి సాఫీగా దువ్వి చేస్తే ఆరాక రంగు ఎక్కడో తేలుతుంది. మీ జుట్టు మామూలుగానే పొడిబారే రకం కాబట్టి కండిషనర్ మానకండి. మగవాళ్ళు అదొక్కటి చేయరు.

వాగులో చేప (ములుగు)

కాజీపేట అన్నకు ఇంట్లో ఏమంటారో అది కూడా రాయి.

కాజీపేట జంక్షన్ (కాజీపేట)

వేములవాడ మొక్కుంది, వచ్చే ఏడాది ఎలాగూ గుండు కొట్టిస్తాం, అందాకా నీ ఇష్టం అన్నది మా అమ్మ.

కొసమెరుపు (హన్మకొండ)

ఇంట్లో చేసుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. ఆన్‌లైన్‌లో కిట్లు బోలెడు ఉన్నాయి. నూనె పెట్టుకుని వెళ్ళాలా, తలంటుకుని వెళ్ళాలా అన్నది కూడా చెప్పండి.

పెరాక్సైడ్ సార్ (వరంగల్)

కిట్లలో రెండు రకాలు అమ్మా. బ్లీచ్ లేని “రంగు” కిట్లు నల్ల జుట్టు మీద ఎండలో కొంచెం ఎర్రగా మెరవడం తప్ప ఏమీ చేయవు. ఇంకొన్నిట్లో బ్లీచ్ పొడి, డెవలపర్ ఉంటాయి. డెవలపర్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడే. 10 వాల్యూమ్ అంటే 3 శాతం, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12. ఒక లీటరు ద్రావణం పూర్తిగా విడిపోతే అన్ని లీటర్ల ఆక్సిజన్ వస్తుందని ఆ అంకెకు అర్థం. తొందరగా లేస్తుందని 40 తీసుకోవడం ఇంట్లో జరిగే తప్పుల్లో మొదటిది. తక్కువ వాల్యూముతో నిదానంగా వెళ్తే వెంట్రుక దెబ్బ తినడం తక్కువ.

నడుము దాకా ఉన్న జుట్టుకు వెనక వైపు ఎవరి చేయి వాళ్ళకు అందదు. నా అభిప్రాయం, గోరింటాకు ఉన్నప్పుడు ఇంట్లో వద్దు.

నూనె విషయానికొస్తే ఇంట్లో ఆడవాళ్ళ మాటలో నిజముంది. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి పోతుంది, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ అలా పోవు. తలంటుకు ముందు కొబ్బరి నూనె పెడితే జుట్టులోంచి ప్రొటీన్ పోవడం తగ్గుతుందని 2003లో మన దేశంలోనే ఒక పరిశోధన వచ్చింది. కొబ్బరి నూనె అమ్మే కంపెనీ పరిశోధకులే చేశారన్నది గుర్తుంచుకుని చదవాలి, అంతే. బ్లీచ్‌కు ముందు రాత్రి కొసలకు పలచగా రాయడంలో తప్పు లేదు.

కత్తెరమ్మ (నక్కలగుట్ట)

సార్, మీ పలచన వేరు, మా కస్టమర్ల పలచన వేరు. నూనె కారుతూ వస్తారు, ఫాయిల్ జారిపోతుంది, మందు ఎక్కడ పట్టిందో ఎక్కడ పట్టలేదో తెలియదు. నేనైతే నూనె ఏమీ లేకుండా, ముందు రోజు తలస్నానం చేసి రమ్మంటాను. అదే రోజు రుద్ది రుద్ది తలంటుకోవడం మాత్రం వద్దు.

పెరాక్సైడ్ సార్ (వరంగల్)

చేసే వాళ్ళ మాటే ఖాయం. నేను బీకరు దగ్గరి మనిషిని.

మోడరేటర్

మధ్యలో ఒకరు “ఇంటికొచ్చి చేస్తాం” అని ఫోన్ నంబరు పెట్టారు, తీసేశాను. ప్రకటనలకు వేరే విభాగం ఉంది.

ఖని శ్రీమతి (గోదావరిఖని)

నా సంగతి కూడా చెప్పండి. నలభై దాటాయి. కణతల దగ్గర, పాపిట్లో తెల్లబడింది. నెల నెలా నల్ల డై వేసుకుంటాను, మొదళ్ళకు వేస్తూ వేస్తూ చివరి దాకా లాగేస్తాను. మా అమ్మాయి ఓంబ్రే చేయించుకో అంటున్నది, తెల్లది కూడా కలిసిపోతుందట. డై వేసిన రోజు మెడ వెనక కొంచెం దురద కూడా ఉంటుంది.

కత్తెరమ్మ (నక్కలగుట్ట)

అక్కా, మీకు ఓంబ్రే ఇప్పుడే వద్దు. కారణం చెబుతాను. వేసిన డైని ఇంకో డై లేపలేదు, బ్లీచే కావాలి. మీ కొసల్లో ఏళ్ళ నల్ల డై పొరలు పొరలుగా ఉంది. బ్లీచ్ పెడితే ఒక చోట ఎరుపు, ఒక చోట నారింజ, ఒక చోట నలుపు పట్టీలు పట్టీలుగా లేస్తుంది. గోరింటాకు కంటే ఇది కష్టమైన పని.

ఇవాళ్టి నుంచి ఒకటి చేయండి. డై మొదళ్ళకు మాత్రమే, చివరి దాకా లాగకండి. నలుపు బదులు ముదురు గోధుమ రంగు వేయండి. తెల్ల వెంట్రుక మొలిచినప్పుడు నలుపు పక్కన తెలుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, గోధుమ రంగు పక్కన అంతగా కనబడదు. కొసలు కత్తిరించుకుంటూ రండి. పాత డై కొంత పోయాక పాపిటకు, కణతలకు సన్నని లేత పాయలు వేయించుకుంటే తెల్లవి వాటిలో కలిసిపోతాయి. మీ అమ్మాయి చెప్పింది బహుశా ఇదే, పేరు మార్చి చెప్పింది.

పెరాక్సైడ్ సార్ (వరంగల్)

దురద అన్నారే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పీపీడీ అలర్జీ ఇలాగే దురదతో మొదలై, ఒక్కో డైకీ పెరుగుతూ పోయి, ఒకరోజు ముఖం, కళ్ళు వాచే దాకా రావచ్చు. ముందు చర్మ డాక్టరుకు చూపించండి. డాక్టరు చూసే దాకా డై ఆపండి. ఏ రంగైనా వాడే ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం రాసి 48 గంటలు ఆగి చూడడం అందరికీ వర్తిస్తుంది. ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదా అనుకోకండి, అలర్జీ ఎప్పుడైనా మొదలవుతుంది.

కొసమెరుపుకూ ఇదే మాట. ఓంబ్రే తల చర్మానికి తగలదు, నిజమే. కానీ కడిగేటప్పుడు ఆ రంగు నీళ్ళు మెడ మీదుగా, వీపు మీదుగానే పోతాయి.

ఖని శ్రీమతి (గోదావరిఖని)

చూపిస్తాను సార్. భయపెట్టారు గానీ మంచిదే.

కొసమెరుపు (హన్మకొండ)

పాయ పరీక్ష అయింది. “ముట్టుకోం” అన్న పార్లర్‌కే మళ్ళీ వెళ్ళి, పరీక్ష చేసి చెప్పండి అని అడిగితే ఒప్పుకున్నారు. వేడి లేదు, బుడగల్లేవు. కానీ రంగు నారింజ దగ్గర ఆగింది, ఇంకొంత సేపు ఉంచినా కదల్లేదు. లాగితే వెనక్కి వస్తున్నది, తెగలేదు. ఆమె రెండు దారులు చెప్పింది. కారమెల్లే కావాలంటే ఇంకోసారి బ్లీచ్, మధ్యలో కొన్ని వారాలు ఆగి. లేదా ఈ నారింజ మీదే ఆగి పైన రాగి, దాల్చిన చెక్క రంగు. ఏం చేయమంటారు?

జగిత్యాల జాజి (జగిత్యాల)

రాగి! చామన ఛాయకు రాగి ఎంత బాగుంటుందో. పట్టు చీర జరీ పక్కన ఇంకా బాగుంటుంది.

కత్తెరమ్మ (నక్కలగుట్ట)

నా ఓటు కూడా రాగికే. చాలామంది ఆ నారింజను చూసి చెడిపోయిందనుకుని ఏడుస్తారు. అది మధ్య మజిలీ మాత్రమే. కారమెల్ కావాలంటే దాని మీద నీలం ఉన్న టోనర్ (బ్లీచ్ తర్వాత పైన వేసే పలచని రంగు) వేసి నారింజను అణచాలి. పసుపు దాకా లేస్తే ఊదా. ఎరుపులో ఆగితే ఆకుపచ్చ. రంగుల చక్రంలో ఎదురెదురువి ఒకదాన్నొకటి చంపుతాయి. ఊదా షాంపూ కొనుక్కొచ్చి నారింజ పోలేదేంటి అని అడిగేవాళ్ళు వారానికొకరు వస్తారు. నారింజకు ఊదా పనిచేయదు, నీలమే.

రాగి తీసుకుంటే ఆ నారింజతో పోట్లాటే ఉండదు, దాన్నే వాడుకుంటారు. టోనర్ వెలిసిపోయినా కింద ఉన్నదీ అదే జాతి రంగు కాబట్టి అసహ్యంగా కనబడదు. టోనర్ కొన్ని వారాలే ఉంటుందని గుర్తుంచుకోండి. పెళ్ళికి రెండు వారాల ముందు పెట్టుకోండి. మరీ ముందు రోజు వద్దు, ఏదైనా తేడా వస్తే సర్దడానికి టైముండాలి. టోనర్, కటింగ్, వాష్ అన్నీ కలిపి చెప్పిన ధరేనా, విడివిడిగానా అని ముందే అడగండి. అయ్యాక రంగును అద్దం చుట్టూ ఉన్న లైట్లలో కాకుండా బయట ఎండలోకి వచ్చి చూసుకోండి.

ఖని శ్రీమతి (గోదావరిఖని)

పెళ్ళిలో జడకు సవరం పెడతారా? పెడితే పైన నలుపు, మధ్యలో రాగి, మళ్ళీ కింద నల్ల సవరం అవుతుంది, చూసుకో బిడ్డా.

కొసమెరుపు (హన్మకొండ)

అయ్యో, ఇది అసలు ఆలోచించలేదు! పెద్దమ్మ వాళ్ళ సవరం పెడదామనుకున్నారు. దానికి కూడా రంగు వేయించొచ్చా?

కత్తెరమ్మ (నక్కలగుట్ట)

పీచు సవరమైతే బ్లీచ్‌కు లేవదు. నిజం జుట్టుదైనా ముందే నల్ల డై వేసి అమ్ముతారు చాలావరకు, మళ్ళీ అదే తంటా. నడుము దాకా ఉన్న జుట్టుకు సవరమెందుకు? జడ ఒత్తుగా కావాలంటే సవరాన్ని పైభాగంలోనే అల్లి దాచేయమనండి. లేదా పూలజడతో మొత్తం కప్పేసి, రిసెప్షన్‌కు జుట్టు వదులుగా వేసుకోండి.

వాగులో చేప (ములుగు)

నేను మొదటి రోజే చెప్పాను పూలజడ అని.

జగిత్యాల జాజి (జగిత్యాల)

నీళ్ళ గురించి ఎవరైనా రాస్తారనుకున్నా, నేనే రాస్తున్నా. మా ఇంట్లో బోరు నీళ్ళు, బకెట్టు అడుగున తెల్లగా గట్టిపడతాయి. రంగు వేయించుకున్నాక అదే నీళ్ళతో తల పోసుకుంటే కొసలు గరుకు తేలి, తేనె రంగు కాస్తా ఇత్తడిలా అయింది. ఇప్పుడు చివరి చెంబులు ఫిల్టర్ నీళ్ళు పోసుకుంటున్నా. కుంకుడుకాయ మానేశాను, అది రంగు తొందరగా దించేస్తున్నది, చిక్కులు కూడా.

పెరాక్సైడ్ సార్ (వరంగల్)

సరైన పరిశీలన. బ్లీచ్ చేసిన వెంట్రుక పైపొర తెరుచుకుని ఉంటుంది, నీళ్ళలోని కాల్షియం, ఇనుము లాంటివి తేలిగ్గా పట్టుకుంటాయి. ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నుంచి వచ్చే నల్లా నీళ్ళు ఉన్నవాళ్ళు తలకు అవే వాడుకోవడం మంచిది. బోరు తప్ప దారి లేనివాళ్ళు ఈడీటీఏ (ఆ లోహాలను పట్టి లాగేసే రసాయనం) ఉన్న షాంపూ అప్పుడప్పుడు వాడొచ్చు. రోజూ వాడితే టోనర్ కూడా పోతుంది. మరీ వేడి నీళ్ళు ఎలాగూ వద్దు.

కొసమెరుపు (హన్మకొండ)

చేయించుకున్నాను. రాగే. భుజాల కింద నుంచి ముదురు గోధుమ, అక్కడి నుంచి దాల్చిన చెక్క, కొసలు రాగి. గీత లేదు, ఎంత వెతికినా ఎక్కడ మొదలైందో నాకే తెలియడం లేదు. కొసలు నాలుగు వేళ్ళు కత్తిరించారు. ఇంట్లో లైటుకు దాదాపు నలుపే, ఎండలోకి వెళ్తేనే తెలుస్తున్నది. అమ్మ చూసి “ఇంతేనా? ఇంత డబ్బు పోసి కనబడకుండా వేయించుకున్నావా?” అన్నది.

పాత చింతకాయ (పరకాల)

మీ అమ్మగారితో ఏకీభవిస్తున్నాను.

కాజీపేట జంక్షన్ (కాజీపేట)

పార్లర్ పేరు మెసేజ్ చెయ్ అక్కా.

ఖని శ్రీమతి (గోదావరిఖని)

బాగుంది బిడ్డా. కత్తెరమ్మా, నాదొక్క ప్రశ్న మిగిలింది. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను, పీపీడీ ఉన్న డైలు మానేయమన్నారు. గోరింటాకు పెట్టాక దాని మీద నీలి ఆకు పొడి పెడితే నల్లగా వస్తుందని మా పక్కింటామె అంటున్నది. అది పెట్టుకోవచ్చా? తర్వాత మీరు చెప్పిన సన్నని పాయలు వేయించుకోవచ్చా?

కత్తెరమ్మ (నక్కలగుట్ట)

అక్కా, గోరింటాకు, దాని మీద నీలి ఆకు అయితే నలుపు వస్తుంది, నిజమే. ప్యాకెట్లో ఆ ఆకు తప్ప ఇంకేమీ ఉండకూడదు. పీపీడీ కలిపి “సహజం” అని అమ్మేవి కూడా ఉన్నాయి, మీకు అవే ప్రమాదం. కొన్న ప్యాకెట్ డాక్టరుకు చూపించి, మోచేతి దగ్గర రాసి చూసుకున్నాకే తలకు పెట్టండి.

పాయల సంగతి మాత్రం ఇప్పుడే తేల్చుకోండి. నీలి ఆకు మీద బ్లీచ్ పెడితే జుట్టు ఆకుపచ్చగా తిరగొచ్చు, అది వదిలించడం మాకు తలనొప్పి. నీలి పెట్టుకుంటే పాయలు మర్చిపోండి. పాయలే కావాలంటే నీలి జోలికి పోకండి, ఒట్టి గోరింటాకు కూడా వద్దు. చాలా టోనర్లలో కూడా పీపీడీ లేకపోతే దాని చుట్టాలు ఉంటాయి, కాబట్టి మీకు పాయలు వేసే వాళ్ళకు అలర్జీ మాట ముందే చెప్పాలి. ఆ నిర్ణయం మీరు, డాక్టరు కలిసి తీసుకోండి. అప్పటిదాకా మీ జుట్టు ఏమీ పెట్టకుండా వదిలేస్తే నా పని తేలికవుతుంది.

ఖని శ్రీమతి (గోదావరిఖని)

అయితే నీలి ఆకే. పాయలు మా అమ్మాయి వేయించుకుంటుంది.